లివర్ కోసం ఎదురుచూసేవాళ్ళకి ‘వంతు’ అనొచ్చా?

పర్లాకిమిడి నుంచి:
మా పెదనాన్నకి లివర్ మార్చాలన్నారు. విశాఖలో పేరు రాయించాం. ఆయన తర్వాత పేరిచ్చిన ఒకాయనకి ముందే దొరికింది. “మన వంతు తప్పించీసారు” అని మా పెద్దమ్మ ఒకటే గోల. వెయిటింగ్ లిస్టుని తెలుగులో ఏమనాలి? వంతా, వరుసా?

రాయగడ నుంచి (ల్యాబ్‌లో పనిచేస్తాను):
వంతు అంటే రేషన్ షాపు లెక్క అయిపోతుందమ్మా, ముందొచ్చినవాడికి ముందు. ఇక్కడ చూసేది జబ్బు తీవ్రత. రక్తపరీక్షలో బిలిరుబిన్ (కామెర్ల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల లెక్క), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే లెక్క) చూసి మెల్డ్ అని ఒక అంకె కడతారు, 6 నుంచి 40 దాకా. తర్వాత సోడియం కూడా కలిపారు. అంకె పెరిగేకొద్దీ ప్రాణానికి ముప్పు. అమెరికాలో 2002 నుంచి దీన్ని బట్టే ఇస్తున్నారు. మన దేశంలో రాష్ట్రానికో పద్ధతి. కొన్నిచోట్ల వంతులు ఉన్నాయి గానీ అవి ఆసుపత్రులకి, రోగులకి కాదు! నిన్నటిదాకా బాగుండి, కామెర్లు ముదిరి నాలుగు రోజుల్లో స్పృహ తప్పినవాళ్ళుంటే వాళ్ళే ముందు. ఇంకో చిక్కు: పొట్టలోంచి ఎన్నిసార్లు నీరు తీసినా ఆ అంకె పెరగదు. ఇంట్లోవాళ్ళకి కనబడేదేమో ఆ పొట్టే.

గుణుపురం నుంచి (రిటైర్డ్ తెలుగు మాస్టారిని):
‘అదను’ అనండి. “అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు” అన్నారు కదా. మెల్డ్ 15 లోపుంటే చాలామందికి జబ్బు కన్నా ఆపరేషన్‌తోనే ప్రమాదం ఎక్కువ. మరీ ఆలస్యమైతే కోతకి ఒళ్ళు తట్టుకోదు. మధ్యలో ఉన్నదే అదను. లివర్ కాన్సరుకీ అంతే: గడ్డ ఒక్కటైతే 5 సెంటీమీటర్లు, మూడు దాకా ఉంటే ఒక్కోటీ 3 సెంటీమీటర్లు మించకూడదని 1996లో మిలాన్ వైద్యులు హద్దు గీశారు. గడ్డ రక్తనాళంలోకి పాకకూడదు కూడా. ఆ లెక్కన అది దాటితే అదను తప్పినట్టే.

పర్లాకిమిడి నుంచి:
బాగుంది మాస్టారూ. కానీ అదను మనిషికి సరిపోతుంది, లిస్టుకి ఎలా సరిపోతుంది? “అదనులో పేరుంది” అనలేం కదా.

గుణుపురం నుంచి:
నిజమే. లిస్టుని లిస్టనే అనండి, ఏం పోయింది! ‘నిరీక్షణ జాబితా’ అని పేపర్లో రాసుకోవాల్సిందే తప్ప మీ పెద్దమ్మగారి నోట పలకదు.

సిరొంచ నుంచి:
‘వరుస’ మాత్రం వద్దక్కా. మా దిక్కు వరుస అంటే చుట్టరికమే. మా ఇంట్ల “వరుసకు తమ్ముడు” లివర్ ముక్క ఇస్తనని ముందుకొచ్చిండు, చిన్నాయన కొడుకు. చట్టం దగ్గరివాళ్ళు అన్నది భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోడబుట్టినవాళ్ళు. 2011 సవరణ తర్వాత తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు, మనవరాళ్ళు కూడా. చిన్నాయన కొడుకు అందులో లేడు. డబ్బు తీసుకోలేదని అనుమతి కమిటీని నమ్మించాలె. మేం ముందు ఆ కాయితాలే జమ చేసినం.