మాక్ పోల్ ముగిశాక సీళ్లు వేసేటప్పుడు ఎక్కడ జాగ్రత్త పడాలి? (చర్చ)

కొత్త ప్రిసైడింగ్ అధికారిణి:
శిక్షణలో మాక్ పోల్ (ఓటింగ్ యంత్రాన్ని పరీక్షించే నమూనా పోలింగు) చేయించారు గాని, అక్కడ అభ్యర్థుల ఏజెంట్లూ లేరు, గడియారం తొందరా లేదు. పోలింగుకు 90 నిమిషాల ముందు మొదలుపెట్టి, కనీసం 50 ఓట్లు వేయించి, లెక్క సరిచూసి, సీళ్లన్నీ వేసి, సమయానికి మొదటి ఓటరును పిలవాలి. ఈ బాధ్యత నిర్వహించినవారు పొరపాటు ఎక్కడ జరుగుతుందో చెప్పగలరు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, నేను మూడు ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. అన్నిటికన్నా ముఖ్యమైనది యంత్రం మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు నొక్కే వరుస. తొందరలో కొందరు క్లియర్ నొక్కడం మరిచిపోతారు. అప్పుడు మాక్ ఓట్లు అసలు ఓట్లతో కలిసిపోయి, సాయంత్రం ఓటర్లను నమోదు చేసే 17ఎ రిజిస్టరుకూ యంత్రంలోని మొత్తానికీ పొంతన కుదరదు. క్లియర్ చేశాక టోటల్ నొక్కి, సున్నాను ప్రతి ఏజెంటుకూ చూపించండి. ఓటు పడిన గుర్తును చీటీ మీద ముద్రించే వీవీప్యాట్ పెట్టెలోని మాక్ చీటీలను కూడా ఒక్కటీ మిగలకుండా తీసి, వెనుక ముద్ర వేసి, నల్ల కవరులో సీలు చేయాలి. నా మొదటి ఎన్నికలో పెట్టె అడుగున ఒక చీటీ ఉండిపోయింది. పెట్టెను మళ్లీ తెరిచి చూపించమని ఒక ఏజెంటు పట్టుబట్టడం వల్లనే అది బయటపడింది. ఆయన పట్టుదలకు నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి.

పోలింగ్ ఏజెంటు:
మా వైపు నుంచి ఒక మాట. యంత్రంలోని ఫలితాల భాగానికి అమర్చే గ్రీన్ పేపర్ సీలు మీద సంతకం చేసి ఊరుకుంటే చాలదు, దాని క్రమసంఖ్యనూ కంట్రోల్ యూనిట్ (ఓట్లు నమోదయ్యే భాగం) సంఖ్యనూ రాసుకోవాలి. లెక్కింపు రోజున బల్ల మీదికి వచ్చిన యంత్రం మా కేంద్రంలో వాడినదేనా, దాని సీలు మేము సంతకం చేసినదేనా అని పోల్చి చూడటానికి ఆ సంఖ్యలే ఆధారం. నిజానికి ఈ జాగ్రత్త ఎన్నికకు ముందు యంత్రాలను పరీక్షించే తొలి దశ తనిఖీ నుంచే మొదలవుతుంది: యంత్రాల తయారీ సంస్థలైన బీఈఎల్ లేదా ఈసీఐఎల్ ఇంజనీర్లు పరీక్షించిన కంట్రోల్ యూనిట్‌కు గులాబీ రంగు సీలు వేసేటప్పుడు పార్టీల ప్రతినిధులూ దాని మీద సంతకం చేయవచ్చు. కానీ ఆ రోజుల తరబడి పనికి మనిషిని పంపని పార్టీలను చూస్తే బాధ కలుగుతుంది.

సెక్టార్ అధికారి:
ఏజెంట్లు రాకపోతే 15 నిమిషాలు వేచి చూసి మాక్ పోల్ మొదలుపెట్టండి. ఇక, పోలింగు మధ్యలో కంట్రోల్ యూనిట్ గాని, ఓటరు బటన్ నొక్కే బ్యాలెట్ యూనిట్ గాని పనిచేయకపోతే వీవీప్యాట్‌తో సహా మొత్తం సెట్టు మార్చి, నోటాతో కలిపి ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఓటు చొప్పున మళ్లీ మాక్ పోల్ చేయాలి. వీవీప్యాట్ ఒక్కటే చెడితే దానిని మాత్రమే మారుస్తాము, మాక్ పోల్ అక్కరలేదు.

కొత్త ప్రిసైడింగ్ అధికారిణి:
అందరికీ ధన్యవాదాలు. గ్రీన్ పేపర్ సీలు అమర్చేటప్పుడు చిరిగితే ఏమి చేయాలి?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
చిరిగినదానిని వాడకూడదు, పారవేయనూ కూడదు. కొత్త సీలు తీసుకుని, పాడైనదాని సంఖ్యను నమోదైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారంలోని పేపర్ సీళ్ల లెక్కలో చూపి, తిరిగి అప్పగించండి. సంతకాలు అమర్చే ముందే, తెల్లని వైపున చేయించండి.