ప్రెజెంట్ కంటిన్యువస్ సాధనలో ‘తున్నాను’ మెట్టా, అడ్డా?

అమీర్‌పేట బోధకుడు:

అందరికీ నమస్కారం. నేను అమీర్‌పేటలో పన్నెండేళ్ళుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. నా తరగతికి వచ్చేవారిలో ఎక్కువమంది తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం కోసం జిల్లాల నుంచి నగరానికి చేరినవారు. వారికి ప్రెజెంట్ కంటిన్యువస్‌ను మొదటినుంచీ ఒకే పద్ధతిలో సాధన చేయిస్తున్నాను. బోర్డు మీద తెలుగు వాక్యం రాస్తాను. క్రియ చివర ‘తున్నాను, తున్నాడు, తున్నారు’ కనిపించగానే యామ్, ఈజ్, ఆర్‌లలో తగినది పెట్టి, ఇంగ్లీషు క్రియకు ‘ఇంగ్’ చేర్చమంటాను. ‘వంట చేస్తున్నాను’ అంటే ‘ఐ యామ్ కుకింగ్’, ‘వాన కురుస్తోంది’ అంటే ‘ఇట్ ఈజ్ రెయినింగ్’. రోజుకు యాభై వాక్యాల చొప్పున వారం రోజులు చెప్పేసరికి బెరుకు పోయి నోరు తిరుగుతుంది.

ఇటీవల కొత్తగా చేరిన సహోద్యోగి ఒకరు ఈ పద్ధతిని తప్పుపట్టారు. తెలుగును తరగతిలోకి రానిచ్చినంతకాలం విద్యార్థులు ‘ఐ నో’, ‘ఐ హావ్ టూ బ్రదర్స్’ అనవలసినచోట ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అంటూనే ఉంటారనీ, తలుపు తీస్తూ ‘ఐ యామ్ ఓపెనింగ్ ద డోర్’ అని చెప్పించినట్లు చేతలతోనే నేర్పాలనీ ఆయన వాదన. నాకు అది రుచించలేదు. అయినా కొట్టిపారేయలేకపోతున్నాను, ఎందుకంటే నా విద్యార్థులు ఆ తప్పులు నిజంగానే చేస్తున్నారు. తెలుగు వాక్యం మెట్టా, అడ్డా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

తార్నాక పరిశోధకురాలు:

బోధకుడుగారూ, ఈ వివాదం మన హైదరాబాదుకు కొత్తది కాదు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఇక్కడ ఏర్పడినప్పుడు (ఇప్పటి ఇఫ్లూకు, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీకి, అదే మూలం) దేశమంతటా అనువాద పద్ధతి మీద అసంతృప్తి ఉండేది. దాని స్థానంలో వచ్చిన పద్ధతిలో వాక్యనిర్మాణాలను ఒకదాని తరువాత ఒకటిగా పేర్చి, సన్నివేశాలు కల్పించి, నోటితో పలికించేవారు. మీ సహోద్యోగి చెప్పే తలుపు తీసే సాధన ఆ కాలానిదే. దాని లోపం కూడా అప్పుడే బయటపడింది: తలుపు తీస్తున్నట్లు ఎదుటివారికి కనిపిస్తూనే ఉంటే, ఆ మాట చెప్పవలసిన అవసరం ఎవరికీ ఉండదు. వాక్యం సరిగ్గానే ఉంటుంది, అందులో చెప్పే విషయమే ఉండదు.

భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని బడుల్లో నడిపిన ప్రయోగం, బెంగళూరు ప్రాజెక్టుగా పేరుపొందినది, ఈ అసంతృప్తి నుంచే పుట్టింది. అందులో వ్యాకరణ పాఠాల క్రమం పెట్టలేదు. పిల్లలకు రైళ్ళ వేళల పట్టికలు, పటాలు ఇచ్చి, వాటితో సాధించవలసిన పని చెప్పారు. మనసు అర్థం మీద నిలిచినప్పుడే వ్యాకరణం లోపల కుదురుకుంటుందన్నది ఆయన నమ్మకం. అందుచేత నా అభిప్రాయంలో మీ ఇద్దరి మధ్య ఉన్న తేడా పైకి కనిపించేంత పెద్దది కాదు. ఇద్దరూ రూపాన్నే వల్లె వేయిస్తున్నారు. ఒకరు తెలుగు చూపించి, మరొకరు తలుపు చూపించి.

మలక్‌పేట విశ్రాంత ఉపాధ్యాయుడు:

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ‘ఐ యామ్ నోయింగ్’ అనే తప్పుకు తెలుగే కారణమన్న మాట వింటే నాకు బాధ కలుగుతుంది, అది మాతృభాష మీద మోపిన అపనింద కాబట్టి. దయచేసి ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పి చూడండి. ‘నేను తెలుస్తున్నాను’ అని ఏ తెలుగువాడూ అనడు, ‘నాకు తెలుసు’ అంటాడు. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’కు తెలుగు ‘నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు’. ‘ఐ యామ్ వాంటింగ్’కు ‘నాకు కావాలి’, ‘ఐ యామ్ లైకింగ్’కు ‘నాకు ఇష్టం’. వీటిలో ఎక్కడా ‘తున్నాను’ లేదు. ఇంగ్లీషు కంటిన్యువస్‌లోకి రానివ్వని ఈ క్రియలను తెలుగు కూడా ఈ వాక్యాల్లో ‘తున్న’ రూపంలోకి రానివ్వడం లేదు. పైగా ‘నేను’ను ‘నాకు’గా మార్చి, ఇది నేను చేసే పని కాదు, నాలో ఉన్న స్థితి అని వేరుచేసి చూపుతోంది. ఇంతకన్న మంచి గుర్తు ఏ వ్యాకరణ పుస్తకం ఇవ్వగలదు?

మరి తప్పు ఎక్కడి నుంచి వస్తోంది? బోధకుడుగారు ఏమీ అనుకోవద్దు. రోజుకు యాభై చొప్పున వారానికి మూడువందల యాభై వాక్యాలు, ప్రతిదానిలోనూ ‘యామ్’, ప్రతిదానిలోనూ ‘ఇంగ్’. ఎనిమిదో రోజున ‘నో’ అనే క్రియ ఎదురైతే అలవాటుపడిన నోరు ‘యామ్ నోయింగ్’ అనక ఏమంటుంది? ఆ తప్పు తెలుగు నేర్పినది కాదు, వల్లెవేత నేర్పినది.

అలాగని తెలుగు ఎప్పుడూ కాపాడుతుందని కూడా నేను అనను. అనుకుంటున్నాను, నమ్ముతున్నాను, ఒప్పుకుంటున్నాను, అర్థమవుతోంది, వినిపిస్తోంది, వాసన వస్తోంది: ఇవన్నీ తెలుగులో సహజమైన ‘తున్న’ రూపాలు. వీటిని ఉన్నవి ఉన్నట్లు మారిస్తే ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’, ‘ఐ యామ్ అగ్రీయింగ్ విత్ యూ’ వస్తాయి. ఇక్కడ తెలుగు నిజంగానే దారి తప్పిస్తుంది. వ్యతిరేకార్థంలో మరో చిక్కు ఉంది. ‘నాకు తెలుసు’లో లేని చిక్కు ‘ఏం చేయాలో తెలియడం లేదు’లో వచ్చిపడుతుంది, ‘చేయడం లేదు’ వంటి రూపమే కాబట్టి ‘ఐ యామ్ నాట్ నోయింగ్’ అనాలనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద గుంట కాలవ్యవధి దగ్గర ఉంది. బోధకుడుగారు తమ పరిచయ వాక్యాన్నే చూడండి: ‘పన్నెండేళ్ళుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను.’ తెలుగులో ఇందులో వంకపెట్టడానికి ఏమీ లేదు. తమ సూత్రం ప్రకారం మారిస్తే ‘ఐ యామ్ టీచింగ్ సిన్స్ ట్వెల్వ్ ఇయర్స్’ అవుతుంది, కావలసినదేమో ‘ఐ హావ్ బీన్ టీచింగ్ ఫర్ ట్వెల్వ్ ఇయర్స్’. మొదలైనప్పటి నుంచి ఇప్పటివరకు అన్న కొలతను తెలుగు ‘గా’ అనే ఒక్క అక్షరంలో దాచి, క్రియను వర్తమానంలోనే ఉంచుతుంది. ఇంగ్లీషు ఆ కొలతను క్రియలోనే చూపమంటుంది.

మన వ్యాకరణంలో తద్ధర్మం అని ఒకటి ఉండేది, ఇప్పటి పిల్లలకు దాని పేరైనా వినిపించడం లేదు. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అన్నప్పుడు చెప్పేది ఈ క్షణపు సంగతి కాదు, సూర్యుని స్వభావం. ఇంగ్లీషు సింపుల్ ప్రెజెంట్‌కు ఉన్న ప్రధానమైన పని అదే. వర్తమానానికీ తద్ధర్మానికీ తేడా తెలుగులో పట్టుబడిన పిల్లవాడికి ‘ఇట్ రెయిన్స్’, ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ వేరుచేయడం ఒక్క పూట పని. నా తరగతుల్లో ఇది మళ్ళీ మళ్ళీ చూశాను.

నాంపల్లి అనువాదకుడు:

అసలు వీటిని తప్పులని అందరూ ఇంత ధీమాగా ఎలా అంటున్నారో నాకు తెలియదు. ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్’ అని దేశంలో అనేకులు అంటారు, అనేకులు అర్థం చేసుకుంటారు. భారతీయుల ఇంగ్లీషు కూడా ఒక భాషాభేదమేనని బ్రజ్ కచ్రూ వంటి పండితులు ఎప్పుడో వాదించారు. ఇంగ్లీషువారి సొంత ఇంట్లోనైనా ఈ రూపం కుదురుగా లేదు. ‘ద హౌస్ ఈజ్ బీయింగ్ బిల్ట్’ అన్న నిర్మాణం పద్దెనిమిదో శతాబ్దం చివర వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవారు. కొత్త రూపాన్ని పందొమ్మిదో శతాబ్దపు వ్యాకర్తలు కొందరు వికారమని తిట్టారు, నేడు అదే సరైనది. ‘లవ్’ను కంటిన్యువస్‌లో వాడకూడదని మీరు నేర్పుతారు, ఒక బర్గర్ల సంస్థ 2003 నుంచి ‘ఐ యామ్ లవిన్ ఇట్’ అనే నినాదంతోనే ప్రపంచమంతా అమ్ముతోంది. జనం పలికేదాన్ని బట్టి భాష మారుతుంది. మన విద్యార్థులను భయపెట్టి నోరు మూయించడం కన్నా వారిని మాట్లాడనివ్వడం మేలు.

మాదాపూర్ శిక్షకురాలు:

అనువాదకుడుగారు చెప్పిన చరిత్ర నాకు నచ్చింది, కానీ దాని ఆధారంగా ఇచ్చిన సలహాను నేను ఒప్పుకోలేను. ఫోనులో విదేశీ వినియోగదారులతో మాట్లాడే ఉద్యోగాలకు అభ్యర్థులను తయారుచేయడం నా వృత్తి. గత ఏడాది ఒక సంస్థ ముఖాముఖిలో నా విద్యార్థిని ఒకమ్మాయి ‘ఐ యామ్ హావింగ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ అన్న మొదటి వాక్యంతోనే వెనుదిరిగింది. ఆ తీర్పు న్యాయమని నేను అనను. అయినా మూల్యం చెల్లించేది ఆ అమ్మాయే తప్ప పండితులు కారు. రెండు రూపాలూ తెలిసి, ఎవరితో ఏది వాడాలో తానే ఎంచుకోగలిగితే దాన్ని స్వేచ్ఛ అనవచ్చు. ఒక్కటే తెలిసినవారికి ఎంపిక ఎక్కడిది?

‘హావ్’ విషయంలో ఒక మాట చేర్చాలి. ‘ఐ యామ్ హావింగ్ లంచ్’ సరైన వాక్యం. అక్కడ ‘హావ్’ అంటే ఉండటం కాదు, తినడం. ‘భోంచేస్తున్నాను’లో ‘తున్నాను’ ఉంది, ‘అనుభవం ఉంది’లో లేదు. ఉపాధ్యాయులవారు చెప్పిన తెలుగు గుర్తు ఇక్కడ కూడా పనిచేస్తుంది.

తార్నాక పరిశోధకురాలుగారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. చేస్తున్న పనిని పైకి చెప్పవలసిన అవసరం ఎవరికీ ఉండదన్నారు. ఎదుటివారికి మనం కనిపించనప్పుడు ఉంటుంది. ‘ఐ యామ్ చెకింగ్ యువర్ ఆర్డర్’, ‘ఐ యామ్ ట్రాన్స్‌ఫరింగ్ యువర్ కాల్’ అని చెప్పకపోతే అవతలివారికి వినిపించేది నిశ్శబ్దమే, వారు ఫోను పెట్టేస్తారు. అందుకే నేను ఇద్దరిని వీపులు ఆనించి కూర్చోబెడతాను. ఒకరు కాగితం మీద బొమ్మ గీస్తూ, ఏం గీస్తున్నారో చెప్పాలి. రెండోవారు విని అదే బొమ్మ గీయాలి, అర్థం కానప్పుడు ‘ఆర్ యూ డ్రాయింగ్ ఎ వెల్ ఆర్ ఎ డ్రమ్?’ అని అడగాలి. అక్కడ ప్రతి వాక్యానికీ పని ఉంటుంది.

ఉప్పల్ తండ్రి:

మా అబ్బాయి ఆరో తరగతి. క్రికెట్ ఇంగ్లీషు వ్యాఖ్యానం వింటూ ఒకరోజు అడిగాడు: ఆట ఇప్పుడే జరుగుతోంది కదా, మరి ‘హి ఈజ్ బౌలింగ్, హి ఈజ్ హిట్టింగ్’ అనకుండా ‘హి బౌల్స్, హి డ్రైవ్స్’ అంటారేమిటి అని. ఇప్పుడు జరిగేది కంటిన్యువస్ అని బడిలో నేర్పారట. నాకు సమాధానం తోచలేదు. ఇక్కడ ఎవరైనా చెబితే వాడికి చెబుతాను.

తార్నాక పరిశోధకురాలు:

మీ అబ్బాయి అడిగినది చాలా మంచి ప్రశ్న, బడిలో చెప్పే సూత్రం సగమేనని అది తేల్చేస్తోంది. కంటిన్యువస్‌కు కావలసినది ‘ఇప్పుడు’ ఒక్కటే కాదు, ‘ఇంకా ముగియలేదు’ కూడా. బంతి వేయడం, కొట్టడం రెప్పపాటులో ముగుస్తాయి. వ్యాఖ్యాత చెప్పేసరికే పూర్తయిన పని అది, నడుస్తున్న పని కాదు. అదే వ్యాఖ్యాత వాన మొదలైతే ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అంటాడు, ఒక ఆటగాడు కొద్దిరోజులుగా బాగా ఆడుతుంటే ‘హి ఈజ్ బ్యాటింగ్ వెల్ దిస్ సీజన్’ అంటాడు, ఆ క్షణంలో అతను పెవిలియన్‌లో కూర్చుని ఉన్నా సరే. వంట చేసి చూపేవారు ‘ఐ యాడ్ ద సాల్ట్’ అనడం కూడా ఇలాంటిదే. అబ్బాయిని వచ్చే మ్యాచ్‌లో ఏ క్రియకు ఏ రూపం వాడుతున్నారో రాసుకోమనండి. అభ్యాస పుస్తకం కన్నా అది మేలు.

మాదాపూర్ శిక్షకురాలుగారు చెప్పిన ఫోను సంగతిని అంగీకరిస్తున్నాను. నా మాటను సరిదిద్దుకుంటున్నాను: అవసరం పుట్టించని సాధననే నేను వద్దన్నది.

ఖమ్మం విద్యార్థిని, ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి:

పెద్దలందరికీ నమస్కారం. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. తెలుగు మాట వాడితే జరిమానా వేసే ఒక శిక్షణ కేంద్రంలో రెండు నెలలు కూర్చున్నాను. అక్కడ నేను తప్పులు చేయలేదు, ఎందుకంటే మాట్లాడనే లేదు. తరువాత చేరినచోట మేడమ్ ‘చేస్తున్నాను’ను ‘చేస్తూ ఉన్నాను’ అని విడదీసి రాసి, ‘చేస్తూ’ కింద ‘డూయింగ్’, ‘ఉన్నాను’ కింద ‘యామ్’ అని గీత గీసి చూపించారు. అంతవరకు నేను ‘ఐ గోయింగ్’ అనేదాన్ని. ‘నేను విద్యార్థిని’ అనడానికి తెలుగులో క్రియ అక్కరలేదు కాబట్టి ‘యామ్’ ఎందుకో నాకు బోధపడేది కాదు. ఆ గీత చూశాక ‘యామ్’ను నేను ఎన్నడూ వదిలిపెట్టలేదు. అందుకే తెలుగును తీసేయమని దయచేసి అనవద్దు.

నాకు ఒక సందేహం ఉంది. ‘మాది ఖమ్మం, ఇప్పుడు హాస్టల్లో ఉంటున్నాను’ అనడానికి ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ ఎ హాస్టల్’ అంటున్నాను. ఒక మిత్రురాలు ‘ఐ స్టే’ అనాలంటోంది. నేను ఇక్కడికి వచ్చి మూడేళ్ళయింది.

మలక్‌పేట విశ్రాంత ఉపాధ్యాయుడు:

అమ్మా, హాస్టల్ తాత్కాలికమని నీ మనసులో ఉంటే ‘ఐ యామ్ స్టేయింగ్’ చక్కగా సరిపోతుంది. తాత్కాలికమన్న భావం చెప్పడం కంటిన్యువస్‌కు ఉన్న ముఖ్యమైన పనుల్లో ఒకటి. ‘మాది ఖమ్మం’ అన్నప్పుడు మాత్రం ‘ఐ యామ్ ఫ్రమ్ ఖమ్మం’. మూడేళ్ళ సంగతి చేర్చావంటే ‘ఐ హావ్ బీన్ స్టేయింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అనాలి. మూడు వాక్యాలూ ఒక్క నీ పరిచయంలోనే వస్తాయి కాబట్టి విడివిడిగా కాకుండా కలిపి సాధన చేయి.

అమీర్‌పేట బోధకుడు:

ఉపాధ్యాయులవారు నా వాక్యంతోనే నాకు పాఠం చెప్పారు, కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం తరగతిలో పరీక్షించాను. ‘నాకు తెలుసు’, ‘నాకు కావాలి’ అన్న వాక్యాలు బోర్డు మీద తెలుగులో రాసి మార్చమంటే ఇరవైరెండు మందిలో ఇద్దరే ‘యామ్’ పెట్టారు. తెలుగు వాక్యం చూపకుండా, ‘నో’, ‘వాంట్’ అనే క్రియలిచ్చి సొంతంగా వాక్యాలు చెప్పమంటే తొమ్మిదిమంది ‘యామ్ నోయింగ్’, ‘యామ్ వాంటింగ్’ అన్నారు. ఒక్క తరగతిని బట్టి తేల్చలేనని తెలుసు, కానీ నా వల్లెవేతను సమర్థించుకునే ధైర్యం మాత్రం ఇక లేదు.

సోమవారం నుంచి యాభై వాక్యాల్లో ఇరవై మాత్రమే ‘తున్న’ వాక్యాలు ఉంటాయి. మిగిలినవి ‘తెలుసు’ వర్గం, ‘అనుకుంటున్నాను’ వర్గం, తద్ధర్మ వాక్యాలు, ‘ఏళ్ళుగా’ వాక్యాలు వరుస లేకుండా కలిపి ఇస్తాను. ఏ వాక్యం ఏ వర్గానిదో ముందు తెలుగులోనే చెప్పాలి, ఆ తరువాతే ఇంగ్లీషులో. చివరి ఇరవై నిమిషాలు వీపులు ఆనించి కూర్చునే సాధన. సహోద్యోగి తమ తరగతిలో తెలుగు లేకుండా అదే సాధన చేయించడానికి ఒప్పుకున్నారు. నెల తరువాత రెండు తరగతుల విద్యార్థుల మాటలనూ ఫోనులో నమోదు చేసి, లెక్కపెట్టి ఇక్కడే తెలియజేస్తాను.