రిజర్వాయర్ చుట్టూ అడవి దారుల్లో మౌంటెన్ బైకింగ్: ఆపేయాలా, ఉండనివ్వాలా?

గట్టుమీద నడక:
వేరే చర్చల మధ్యలో ఈ గొడవ వచ్చిన ప్రతిసారీ అసలు సంగతి పక్కకి పోతోంది, అందుకే విడిగా పెడుతున్నా. రిజర్వాయర్ చుట్టూ అడవిని ఉంచిందే నీళ్ల కోసం, మన సరదా కోసం కాదు. మనుషులు నడిచి నడిచి పడిన సన్న దారుల్లోకి లావు టైర్ల సైకిళ్లు దిగితే మట్టి లేస్తుంది, వాన పడితే ఆ మట్టంతా ఎక్కడికి పోతుంది, నీళ్లలోకే కదా. నా మాట సూటిగా చెప్తున్నా: జీపు పట్టేంత వెడల్పున్న ఫారెస్ట్ రోడ్ల మీద ఎంతసేపైనా తొక్కుకోండి, సన్న దారులు మాత్రం నడిచేవాళ్లకి వదిలేయండి. ఈ ఆట పెరిగిన చోటే అలా చేశారు. కాలిఫోర్నియాలో మౌంట్ టామల్‌పయస్ అనే కొండ చుట్టూ ఉన్న తాగునీటి అడవుల్లో ఏళ్ల తరబడి సైకిళ్లని ఫైర్ రోడ్లకే, అంటే మంటలార్పే బళ్లు వెళ్లే వెడల్పు రోడ్లకే, పరిమితం చేశారు, అక్కడ కూడా గంటకి 15 మైళ్లు దాటకూడదు, కనపడని మలుపుల దగ్గర 5 మైళ్లే. వాళ్లకి తెలీకనా?

మట్టిచక్రం:
నడక గారూ, మట్టి సంగతి మీరనుకున్నంత సింపుల్ కాదండీ. 1994లో విల్సన్, సీనీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో మోంటానా కొండదారుల మీద నడిచేవాళ్లని, గుర్రాలని, మోటార్ సైకిళ్లని, మౌంటెన్ బైకుల్ని విడివిడిగా పంపించి, మీద నీళ్లు వానలాగా కురిపించి ఎంత మట్టి కొట్టుకొస్తోందో కొలిచారు. ముందే తడిసిన దారి మీద చక్రాల కంటే గిట్టలు, కాళ్లే ఎక్కువ మట్టిని వదులు చేశాయి, అందులోనూ గుర్రాలది పైచెయ్యి. 2001లో థర్‌స్టన్, రీడర్ కెనడాలో ఒంటారియో అడవిలో 500 సార్ల దాకా తిప్పి చూశారు, మొక్కలకీ నేలకీ జరిగిన నష్టంలో నడకకీ సైకిల్‌కీ పెద్ద తేడా లేదని తేలింది. నడకకి గేటు తీసి సైకిల్‌కి మూసేస్తే అది మట్టి మీద ప్రేమ అని నేనైతే ఒప్పుకోను.

దారిని తినేది చక్రమూ కాదు కాలూ కాదు, నీళ్లు. కొండవాలు 20 శాతం ఉందనుకోండి, దారి వాలు అందులో సగం, అంటే 10 శాతం దాటకూడదు, ట్రైల్ కట్టేవాళ్లు మొదట నేర్చుకునే లెక్క ఇదే. దాటిందంటే పైనుంచి వచ్చిన నీళ్లు దారిని అడ్డంగా దాటి పల్లానికి పోకుండా దారినే కాలవ చేసుకుని కిందిదాకా పరిగెడతాయి. అందుకే బయటి అంచు వైపు కొంచెం వంపు ఇస్తారు, అక్కడక్కడా దారిని దించి మళ్లీ కాస్త పైకి లేపుతారు, నీళ్లు ఆ పల్లం దగ్గర పక్కకి దిగిపోతాయి. మీరంటున్న ఆ సన్న దారుల్లో చాలా వాటికి ఇవేమీ లేవు, ఎవరో షార్ట్‌కట్‌గా నిలువునా దిగితే పడ్డవే. సైకిళ్లు ఒక్కటి కూడా రాకపోయినా అవి కొట్టుకుపోతాయి.

పంక్చర్:
అన్నా మీరు పేపర్లు చూపించుకుంటున్నరు గానీ, బందు పెడ్తె తొక్కుడు ఆగుతదా? బోర్డు పెట్టిన తెల్లారే చెట్ల సందులకెళ్లి కొత్త దారి పడ్తది, అది గూడ నీళ్ల అంచున నిలువుగ దిగేటట్టే పడ్తది, దొంగచాటు దారికి వాలు లెక్క చూసేటోడు ఎవడుంటడు. మంచిగ కట్టి ఒక దారి ఇస్తె పోరగాళ్లు ఆడనే ఉంటరు.

గట్టుమీద నడక:
పంక్చర్ తమ్ముడూ, "ఆపినా ఆగం కాబట్టి ఇచ్చేయండి" అనేది వాదన కాదు, బెదిరింపు. మట్టిచక్రం గారూ, మీ ప్రయోగాల్లో ఎవరైనా వెనక బ్రేకు బిగించి స్కిడ్ కొట్టారా? మామూలుగా తొక్కినదాన్ని కొలిచి, పోటీ పడి దిగేవాళ్లకి సర్టిఫికెట్ ఇస్తే ఎలా. మలుపు దగ్గర వెనక చక్రం లాక్ అయితే ఏమవుతుందో చూడండి: పైన ఆకులు, మెత్తటి పొర పక్కకి లేచిపోయి అరచేతి వెడల్పున గాడి పడుతుంది, తర్వాతి వానకి నీళ్లకి ఆ గాడే దొరుకుతుంది, కొన్నాళ్లకి చెట్ల వేళ్లు బయటపడతాయి, వేళ్ల మీద చక్రం జారుతుందని వెనకొచ్చేవాళ్లు పక్కనుంచి కొత్త లైను తీస్తారు. అలా రెండడుగుల దారి ఆరడుగులవుతుంది. ఇది సైకిల్ కాదు నీళ్లే చేశాయంటారా?

ఇంకోటి, మీరు మాట్లాడనిది. స్పీడ్. గంటకి 30 కిలోమీటర్లంటే సెకనుకి 8 మీటర్లు పైనే. మలుపు అవతల మనిషి కనపడి, బుర్రకెక్కి, వేలు బ్రేకు మీదకి వెళ్లేసరికే ఆ 8 మీటర్లు అయిపోతాయి, వదులు మట్టిలో ఆగడానికి దాదాపు ఇంకో అంత కావాలి. అడవిలో మలుపు దగ్గర అంత దూరం కనపడుతుందా? నడిచేవాళ్లు వందమంది ఎదురొచ్చినా నాకు భయం లేదు, ఒక్క సైకిల్ వస్తుందేమో అని చెవి రిక్కించుకుని నడవాల్సి వస్తే ఇక అడవికి వచ్చిందెందుకు.

గుడ్లగూబ:
నేను పక్షులు చూసేవాణ్ని, ఏ పార్టీ కాదు, కాబట్టి ఇద్దరికీ కోపం తెప్పిస్తా. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఆంటెలోప్ ఐలాండ్‌లో బైసన్, మ్యూల్ డీర్, ప్రాంగ్‌హార్న్ అనే గడ్డిమేసే పెద్ద జంతువులు మనుషుల్ని చూసి ఎలా బెదురుతాయో టేలర్, నైట్ చూసి 2003లో రాశారు. నడిచేవాళ్లకీ సైకిల్ వాళ్లకీ అవి బెదరడంలో తేడా లేదు. అంటే సైకిల్ మంచిదని కాదు, మీ నడక కూడా వాటికి ఇబ్బందే అని. ఇక్కడ సైకిల్ వాళ్లు సంబరపడే ముందు ఒకటి ఆలోచించాలి: ఒక గంటలో నడిచేవాడు చేరే దూరం ఎంత, మీరు చేరేది ఎంత? గంటకి బెదిరే జంతువుల సంఖ్య మీ లెక్కలోనే ఎక్కువ పడుతుంది. పైగా హెల్మెట్ లైట్లు పెట్టుకుని రాత్రి తొక్కడం ఒకటి మొదలైంది, జంతువులకి మిగిలిందే ఆ నాలుగు గంటలు, అదీ లాక్కుంటే ఎట్లా. నన్నడిగితే చక్రాలా కాళ్లా అన్నది తర్వాత, చీకటి పడ్డాక ఎవ్వరూ వద్దు, అడవిలో ఒక మూల అసలు దారే ఉండకూడదు.

పెడల్ పెద్దయ్య:
మోటారు సాయంతో తొక్కే ఈ-బైకుల సంగతేంటి మరి? యూరప్‌లో లెక్క 250 వాట్ల మోటారు, స్పీడ్ గంటకి 25 కిలోమీటర్లు దాటితే సాయం ఆగిపోవాలి. నాకు మోకాళ్లు పోయాయి, అది లేకపోతే నేను చడావు ఎక్కలేను. నన్ను కూడా స్కిడ్ బ్యాచ్‌లో కలిపేస్తారా?

గట్టుమీద నడక:
పెద్దాయనా, మీరు తొక్కండి, ఎవరూ ఏమనరు. నా భయం ఆ 25 దగ్గర ఆపే లాక్ తీయించి 45లో వచ్చేవాళ్లతో, మోటారు పవర్ ఎంతో గేటు దగ్గర ఎవరు కొలుస్తారు?

మట్టిచక్రం:
స్పీడ్ విషయం ఒప్పుకుంటున్నా, అసలు గొడవంతా అక్కడే, మట్టి పేరు చెప్పి దాని చుట్టూ తిరుగుతున్నాం. కానీ స్పీడ్‌ని బోర్డు తగ్గించదు, దారి తగ్గిస్తుంది. మలుపుకి ముందు చిన్న ఎత్తు పెట్టి, రెండు బండల మధ్య హ్యాండిల్ పట్టేంత సందు వదిలితే ఎంత పోటుగాడైనా బ్రేకు కొట్టాల్సిందే, అదీ మలుపుకి ముందే, మలుపులో కాదు, కాబట్టి మీరు చెప్పిన గాడి కూడా పడదు. లోపలి కొండవైపు చుట్టు తిరిగి వచ్చే దారిని, అంటే లూప్‌ని, ఒకే దిక్కుకి పెడితే సైకిళ్లు ఎదురెదురు గుద్దుకునే పని లేదు. అంతా ఒకే దారి వాడాల్సి వస్తే రోజులు పంచుకోవచ్చు, అమెరికాలో టాహో సరస్సు దగ్గర టాహో రిమ్ ట్రైల్‌లో ఒక ముక్క మీద సైకిళ్లకి సరి తేదీలు మాత్రమే ఇచ్చారు, ప్రశాంతంగా నడవాలంటే బేసి తేదీన వెళ్తారు, అంతే. ఇంగ్లండ్‌లో 1968 చట్టం గుర్రపుదారుల్లోకి సైకిళ్లని రానిస్తూనే నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారి ఇవ్వాలని రాసింది. హక్కు ఇస్తూ బాధ్యత కూడా పెట్టొచ్చు.

గుడ్లగూబ గారూ, రాత్రి రైడింగ్ ఆపాలన్నదానికి నా సపోర్ట్ ఉంది, మా వాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీండి.

గట్టుమీద నడక:
నీళ్ల సంగతి మళ్లీ జారిపోయింది. 1993లో అమెరికాలో మిల్వాకీ నగరంలో తాగునీళ్లలోకి క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి వచ్చి దాదాపు 4 లక్షల మంది జబ్బుపడ్డారు, అది క్లోరిన్‌కి చావదు. బోస్టన్‌కి నీళ్లిచ్చే క్వాబిన్ రిజర్వాయర్‌లో ఈత లేదు, కుక్కల్ని తేనివ్వరు, సైకిళ్లు కూడా గుర్తించిన రోడ్ల మీదే. జాగ్రత్త అంటే అదీ.

మట్టిచక్రం:
మిల్వాకీ నీళ్లు మిషిగన్ సరస్సువి సార్, దానికీ అడవిలో సైకిల్‌కీ సంబంధం లేదు. ఆ క్రిమి మలంతో వస్తుంది. సైకిల్ మీద వచ్చినా నడిచి వచ్చినా మనిషికి అవసరం ఒకటే, దారి మొదట్లో టాయిలెట్ కట్టించండి అంటే ఇద్దరం కలిసి అడుగుదాం. బురదనీళ్ల గురించి అయితే మీ మాట నిజమే, మడ్డి ఎక్కువైతే శుద్ధి చేయడం కష్టం. అందుకే నీటి అంచుకి దగ్గరున్న దారులు వద్దు, పైవాలు దారులు చాలు.

గట్టుమీద నడక:
మరి వాన పడ్డాక పైవాలు దారి మూసేది ఎవరు? మీవాళ్లు ఆగుతారా?

పంక్చర్:
లెక్క గింతే అన్నా, టైర్ ముద్ర లోతుగ పడ్తుందంటె దిగి నూకుకుంట ఎనకకు పోవాలె. మా గ్రూపుల తడిల తొక్కినోడు ఆదివారం పార పట్టాలె, ఆ గాడి వాడే పూడ్చాలె. ఒక్కసారి పూడ్చినోడు మల్ల తొక్కడు.

గట్టుమీద నడక:
ఆ పార సంగతి బాగుంది. సరే, కొండవైపు లూప్, ఒకే దిక్కు, పగలే, తడిలో బంద్, దీనికి నేను అడ్డం రాను. రిజర్వాయర్ గట్టు మీద దారి మాత్రం ఇచ్చేది లేదు.

మట్టిచక్రం:
గట్టు దారి మాకెందుకండీ, చదునుగా ఉంటుంది, బోర్.