సుమత్రా వంకర కత్తి: బాకా, క్రిస్సా, ఇంకేదైనా పేరుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు ఓడలో ఇంజనీరుగా పనిచేసేవారు. ఆయన ట్రంకుపెట్టెలో జానెడు కూడా లేని కత్తి ఒకటి దొరికింది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో పడాంగ్ దగ్గర తెలుక్ బాయుర్ రేవులో కొన్నట్టు అట్టముక్క మీద రాసుకున్నారు. అలుగు కొడవలిలా లోపలికి వంగి ఉంది. పిడి చివర గుండ్రటి రంధ్రం. పిల్లల కోసం దాని పేరు రాసి పెడదామంటే అక్కడే ఆగిపోయాను. అన్నయ్య క్రిస్ అంటాడు, నేను బాకు అని రాశాను. ఏది సరైనదండీ?

జవాబు:
రెండూ కాదండీ. ముందు క్రిస్ సంగతి. అక్కడివాళ్లు దాన్ని ‘కెరిస్’ అంటారు. దాని అలుగు మొదట్లో ఒకవైపుకు వెడల్పుగా ఉండి, పోనుపోను సన్నబడుతుంది. చాలావాటికి పాము నడకలా మెలికలుంటాయి. ఆ మెలికను ‘లుక్’ అంటారు, లెక్క ఎప్పుడూ బేసి సంఖ్యే. మెలికల్లేని తిన్నని కెరిస్‌లూ ఉన్నాయి. మీరు చెప్పినదానికి ఉన్నది ఒకే వంపు, అదీ కొక్కెంలా. సుమత్రా ఉత్తరపు కొసన ఉండే ఆచే వాళ్ల ‘రెంచోంగ్’ కత్తి కూడా కాదు, దానికి వంగేది ముఖ్యంగా పిడి.

అసలు ఆనవాలు ఆ రంధ్రమే. అది కెరాంబిట్. పశ్చిమ సుమత్రాలోని మినంగ్‌కబావ్ ప్రజలది. చూపుడువేలు ఆ రంధ్రంలో దూర్చి పిడికిలి బిగిస్తే అలుగు చిటికెనవేలి వైపు నుంచి బయటికొస్తుంది. వేలు అందులో ఉండగా కత్తిని చేతిలోంచి ఊడదీయడం కష్టం. వాళ్ల ‘సిలెక్’ యుద్ధవిద్యలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. పులిగోరును చూసి చేసిందంటారు. ఒకప్పుడు మన పిల్లల మెడలో కట్టిన పులిగోరును తలచుకుని చూడండి, ఆ పోలిక మీకే తెలుస్తుంది.

మినంగ్‌కబావ్ మాటలో దీన్ని ‘కురంబియక్’ అనీ ‘కరంబియక్’ అనీ అంటారు. చివరి ‘క్’ గొంతులోనే ఆగిపోతుంది. ఆ ‘క్’ వదిలేసి ‘కరంబియా’ అన్నారో, అది కొబ్బరికాయ!

ఇక బాకు. బాకు అనగానే మనకు తిన్నగా దూసుకుపోయే మొన గుర్తొస్తుంది, పొడవడానికి చేసింది. కెరాంబిట్ పని ఎక్కువగా లోపలి వంపుతో లాగి కోయడం. అందుకే బాకు నాకు అతకదు. ‘చురకత్తి’ కొంత నయం, చిన్న కత్తి అన్న అర్థం మిగులుతుంది.

చురకత్తి అన్నాను కాబట్టి, నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. సంస్కృత ‘ఛురిక’ మనకు ‘సురియ’గా వచ్చింది. అదే ఛురిక సముద్రం దాటి జావాకు వెళ్లి ‘చురిగ’ అయింది. అక్కడ కెరిస్‌కు అది మరో పేరు. ‘చురిగ మంజింగ్ వరంగ్‌కా’ అని జావా సామెత, అంటే కత్తి ఒరలో చేరడం. జీవుడు దేవుడిలో కలవడాన్ని అలా చెప్పుకుంటారు. మన సురియకు అంత దూరాన ఒక అక్కో చెల్లెలో ఉందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నేటి ఇండోనేషియా భాషలో మాత్రం ‘చురిగ’ అంటే అనుమానించడం, అక్కడ జాగ్రత్త.

మరొకరి జవాబు:
పేరు కెరాంబిట్ అనే ఉంచండి, దాన్ని మార్చక్కర్లేదు. పక్కన ‘కొంకి కత్తి’ అని రాస్తే సరిపోతుంది. మామిడికాయలు కోసే దోటికి కట్టే కొంకి వంపు ఎలాంటిదో మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఇదీ మొదట్లో పొలం పనిముట్టేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు కదా, ఆ రకంగానూ బాగుంటుంది.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ‘పులిగోరు కత్తి’ అని రాద్దామనిపించింది కానీ, గోరుతోనే చేశారని పిల్లలు అనుకుంటారేమోనని మానేశాను. ఇందాక పిడి తుడుస్తూ రంధ్రంలో వేలు పెట్టి చూశాను. లోపలి అంచు నున్నగా అరిగిపోయి ఉంది, బయటి అంచు ఇంకా గరుకే. పెదనాన్న కొనకముందు ఎవరో దీన్ని చాలాకాలం వాడినట్టున్నారు. అట్టముక్క వెనక ఇలా రాశాను: ‘కెరాంబిట్. మినంగ్‌కబావ్ వాళ్ల కొంకి కత్తి. చూపుడువేలు ఈ రంధ్రంలో.’