వలస బొమ్మ గోడ మీద వేస్తే సరిపోతుందా, లెక్క కూడా రాయాలా?

రాయగడ జెరాక్స్:

మన ఒడిశాలోని గుణుపూర్ కుర్రాళ్లు కొందరు బస్టాండు దారిలో ఉన్న పొడవాటి కాంపౌండు గోడ మీద వలస కూలీల బొమ్మలు వేయాలనుకుంటున్నారు. సవర బొమ్మల పద్ధతిలో, తెల్ల గీతలతో. నెత్తిన మూటలు, చంకలో పిల్లలు, రైలు, చివర్లో ఇటుక బట్టీ. చందా అడిగారు, ఇస్తానన్నాను. కానీ నాకొక అభ్యంతరం ఉంది. పదిమందీ ఏమంటారో విందామని ఇక్కడ పెడుతున్నాను.

ఆ బొమ్మ చూస్తే వాళ్లు ఎంత దూరం పోతున్నారో తెలుస్తుంది. ఏటా ఎందుకు పోవాల్సి వస్తోందో తెలియదు. మన స్టేషన్ మీదుగా బట్టీలకి పోయేవాళ్లలో చాలామంది బలంగీర్, నువాపడా, కలహండి వైపు వాళ్లు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చే కొత్త బియ్యం పండగ నువాఖాయికి అటూ ఇటూగా సర్దారు, అంటే కూలీల్ని కుదిర్చే మేస్త్రీ, ఊళ్లోకి దిగి అడ్వాన్సులు పంచుతాడు. మొగుడూ పెళ్లాం, పని అందుకునే ఒక పిల్ల, ముగ్గుర్నీ కలిపి పథురియా అంటారు. అడ్వాన్సు ఆ జట్టు మొత్తానికి. పెళ్లికో, మందులకో, పాత అప్పుకో ఆ డబ్బు బయల్దేరకముందే అయిపోతుంది. తర్వాత కాంటాబాంజీలో రైలెక్కి రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా తెలంగాణ బట్టీలకి. వానలకి ముందు మే, జూన్‌లలో తిరుగు ప్రయాణం. ఆ మధ్య నెలలన్నీ వెయ్యి ఇటుకలకి ఇంత అనే లెక్క మీద నడుస్తాయి. తిండికి వారం వారం ఇచ్చే ఖొరాకీ కూడా ఆ లెక్కలోనే కోసుకుంటారు.

మూట బొమ్మ చూసి అయ్యో పాపం అంటాం, ముందుకి పోతాం. అందుకే నేననేది, బొమ్మ పక్కన లెక్క ఉండాలి. ఇచ్చిందెంత, చేసిందెంత, కోసిందెంత, చేతికొచ్చిందెంత. అది లేకపోతే ఆ గోడ ఊరికి అలంకారంగా మిగిలిపోతుంది.

గుణుపూర్ డ్రాయింగ్ మాస్టారు:

అన్నయ్యా, ఆ కుర్రాళ్లలో నా స్టూడెంట్లు ఉన్నారు, కాబట్టి నేను మాట్లాడాలి. లెక్క రాసిన గోడ ముందు ఎవరూ ఆగరు. బస్సు కోసం పరుగెత్తేవాడు ఒక్క క్షణం ఆగాడంటే బొమ్మ చూసే ఆగుతాడు. 2020 దసరాకి కోల్‌కతా బెహాలాలో బరిషా క్లబ్ వాళ్లు దుర్గమ్మని వలస తల్లిగా నిలబెట్టారు. చంకలో పిల్లాడు, వెంట మిగతా పిల్లలు. శిల్పి పల్లబ్ భౌమిక్. బెంగాల్ దాటి జనం ఆ విగ్రహం గురించి మాట్లాడుకున్నారు. లాక్‌డౌన్‌లో నడిచినవాళ్లని అప్పటికే మరిచిపోతున్న మనకి మళ్లీ గుర్తుచేసింది ఆ విగ్రహమే. అక్కడ ఏ లెక్కా రాయలేదు.

పైగా సవర బొమ్మల్లో కొత్త సంగతులు చేరడం ఇవాళ్టిది కాదు. గుర్రాలు, ఏనుగుల పక్కకి సైకిలూ, రైలూ, విమానమూ ఎప్పుడో వచ్చాయి. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రకళకి జీఐ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు మన పిల్లలు ఆ కళతో మన కాలం కష్టం చెప్తామంటే ముందుగా వెయ్యనిద్దాం.

పర్లాకిమిడి వ్యాపారి:

నేను కొంచెం ఎదురు చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మా దగ్గరి బంధువు ఒకాయన ఇటుక బట్టీ నడుపుతాడు. అడ్వాన్సు తీసుకుని సీజన్ మధ్యలో రాత్రికి రాత్రి వెళ్లిపోయిన జట్ల వల్ల ఆయన బాగా నష్టపోయిన ఏడాది ఉంది. అడ్వాన్సు అంటేనే దుర్మార్గం అన్నట్టు రాస్తున్నారు. పండగ ముందు, పెళ్లి ముందు ఆ ఇంటికి అంత డబ్బు ఏ బ్యాంకు ఇస్తుంది చెప్పండి? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాని ఎలా కొట్టిందో మీకు తెలుసు. కొండల్లో పంటలూ ఇళ్లూ పోయాక, బయటి రాష్ట్రాలకి పోయి సంపాదించి మళ్లీ నిలదొక్కుకున్న కుటుంబాలు నాకు తెలుసు. కేరళ పోయొచ్చిన కుర్రాడు తల్లికి స్లాబ్ ఇల్లు వేశాడంటే అది కూడా గోడ మీదకి రావాలి. వలసంటే ఒట్టి ఏడుపుగా చూపిస్తే అది కూడా అబద్ధమే.

బల్లార్షా రైల్వే:

మాది మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా. నేను జెరాక్స్ గారి పక్షం. 2020 మే 8 తెల్లవారుజామున ఔరంగాబాద్ దగ్గర కర్మాడ్‌లో, పట్టాల మీద అలసి నిద్రపోయిన 16 మంది కూలీల మీంచి గూడ్సు బండి పోయింది. జాల్నా ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి, మధ్యప్రదేశ్‌లోని సొంత ఊళ్లకి పోదామని నడక మొదలుపెట్టినవాళ్లు. పట్టాల మధ్య చెదిరిన రొట్టెల ఫోటో అందరికీ గుర్తుంది. పాసులకి దరఖాస్తు పెట్టుకుని, జవాబు రాక బయల్దేరామని బతికి బయటపడ్డవాళ్లు చెప్పిన మాట ఎంతమందికి గుర్తుంది? అంతకు వారం ముందే, మే 1న, లింగంపల్లి నుంచి హటియాకి వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ రైలు కదిలింది. రైళ్లున్నాయి, పట్టాలున్నాయి, వాళ్లకి మాత్రం కాగితం రాలేదు. ఆ రాని కాగితాన్ని ఏ ఫోటో చూపిస్తుంది?

గుణుపూర్ డ్రాయింగ్ మాస్టారు:

కాగితం చూపించకపోయినా తిండి చేర్చిన ఫోటో ఉందండీ. 1936లో అమెరికాలో, బఠానీ తోటల కూలీల శిబిరంలో డొరొథియా లాంగే ఒక తల్లి ఫోటో తీసింది. పత్రికలో రాగానే ప్రభుత్వం ఆ శిబిరానికి 20,000 పౌండ్ల బరువున్న ఆహారం పంపింది. ఏ లెక్కల పుస్తకం చూసి పంపారు?

బల్లార్షా రైల్వే:

మాస్టారూ, ఆ తిండి వచ్చేసరికి ఆ తల్లి అక్కణ్నుంచి వెళ్లిపోయింది. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని ఆమె పేరు లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటో వల్ల తనకి ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడింది.

గుణుపూర్ డ్రాయింగ్ మాస్టారు:

నిజమే. 1983లో ఆమె జబ్బుపడితే వైద్యానికి వేల డాలర్లు పంపింది కూడా ఆ ఫోటోని మరిచిపోలేని జనమే. రెండూ ఒకే ఫోటో చేసింది. అందుకే బొమ్మని తీసిపారెయ్యకండి అంటున్నాను.

బరంపురం అక్క:

మీ అందరి మాటల్లో నాకొకటి కనిపించడం లేదు. వలసపోయినవాళ్లు తమంతట తాము చేసే కళ ఏంటి? మా గంజాం మగవాళ్లు సూరత్ పవర్‌లూమ్‌లకి పోతారు. 12 గంటల షిఫ్టు. మెస్ గదిలో ఒకడు డ్యూటీకి లేస్తే అదే చోట ఇంకొకడు పడుకుంటాడు, ఆ పరుపు చల్లారదు. మా వీధిలోని ఆడవాళ్లు ఫోన్లలో ఆ గదులు చూసి ఏడ్చిన సందర్భాలున్నాయి. కానీ అదే మగవాళ్లు చైత్రమాసంలో సెలవు పెట్టుకుని, సెలవు దొరక్కపోతే పని మానేసి, శివుడికీ కాళికీ మొక్కుకుని చేసే దండనాటకి వస్తారు. 13 రోజులో 21 రోజులో దండువాలుగా మొక్కు. మిట్టమధ్యాహ్నం కాలే నేల మీద ధూళిదండ, చెరువులో పాణిదండ, రాత్రంతా వేషాలు, పాటలు. మేష సంక్రాంతితో ముగుస్తుంది.

అక్కడ ఒక్కడూ సూరత్ కష్టం పాడడు. శివుణ్ని పాడతాడు, కాళిని పాడతాడు. ఏడాదంతా వాణ్ని నంబరుగా చూసిన లోకం ఆ నెలలో కాళ్లకి దణ్ణం పెడుతుంది. ఆ గౌరవం కోసం వాళ్లు అంత దూరం నుంచి వస్తున్నారు. మనం వాళ్లని గోడ మీద మూటలతో, వంగిన నడుములతో వేస్తే వాళ్లకి నచ్చుతుందా? మా వాళ్లూ ఒకప్పుడు మగ్గాలతో గోదావరి వైపు నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లే అని పెద్దలు చెప్పేవారు. ఇవాళ ఠాకురాణీ జాతరలో అమ్మవారు పుట్టింటికని వచ్చేది మా నేతవాళ్ల దేశీబెహెరా వీధికే. మమ్మల్ని ఎవరైనా దిక్కులేనివాళ్లుగా గీస్తే నేనైతే ఒప్పుకోను.

పుట్టాసింగి కుర్రాడు:

నేను సవరని. పార్వతీపురంలో చదువుకున్నాను కాబట్టి తెలుగులో రాస్తున్నాను. మీరంతా సవర బొమ్మ అంటున్నది మా ఇళ్లల్లో ఇడితాల్. మా వైపు చాలామంది క్రైస్తవంలోకి వెళ్లాక ఇడితాల్ ఉన్న ఇళ్లు తగ్గాయి. అయినా దాని పద్ధతి మా పెద్దలకి తెలుసు. దాన్ని దారిన పోయేవాళ్ల కోసం వెయ్యరు. ఇంట్లో జబ్బు చేసినా, చనిపోయిన పెద్దలు కలలోకి వచ్చినా, ఆ పెద్దల పేరున వేస్తారు. గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి నీళ్లలో కలిపి, పుల్లతో గీస్తారు. అయ్యాక మా పూజారి కుడన్ ఆ పెద్దని పిలుస్తాడు. ఆయన వచ్చి కుడన్ నోటితో అడుగుతాడు, నా గుర్రం ఏది, నా గొడుగు ఏది, నా పక్కన మనవాళ్లేరి అని. అవి గీసి చేర్చాలి. ఆయన సరే అన్నాకే బొమ్మ పూర్తయినట్టు.

మా జనం అస్సాం తేయాకు తోటలకి తాతల కాలంలోనే పోయారు. ఇప్పుడు కేరళ పోతున్నారు, బెంగళూరు పోతున్నారు. వాళ్ల బొమ్మ మా గీతతో వేస్తామంటున్నారు, సంతోషం. ఎవరి పేరున వేస్తున్నారో వాళ్లని పిలిచి చూపిస్తారా? ఇది లేదు, అది చేర్చండి అంటే చేరుస్తారా? అలా చెయ్యకపోతే మా పద్ధతి అని రాసుకోకండి.

రాయగడ జెరాక్స్:

బాబూ, నువ్వడిగింది అసలు ప్రశ్న. నా దగ్గరున్న ఒక సంగతి చెప్తాను, ఎందుకు లెక్క లెక్క అని పట్టుబడుతున్నానో తెలుస్తుంది.

మునిగుడ వైపు నుంచి ఒకాయన పోయిన వానాకాలం నా షాపుకి వచ్చాడు. చొక్కా లోపలి జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు, అందులో నోటుబుక్కు కాగితం, నాలుగు మడతలు. బట్టీ గుమస్తా నీలం ఇంకుతో తెలుగులో రాసిన లెక్క. నా షాపు బోర్డు మీద తెలుగు ఉందని ఎవరో చెబితే చదివించుకుందామని వచ్చాడు. మొదటి వరసలో అడ్వాన్సు. దాని కింద వారం వారం ఖొరాకీ. ఒకచోట ‘హాస్పిటల్’. ఇంకొకచోట ‘వాన ఇటుక’ అని రాసి ఎదురుగా మైనస్. అచ్చు పోసి ఆరబెట్టిన పచ్చి ఇటుకలు అకాల వానకి కరిగిపోతే ఆ నష్టం కూడా వీళ్ల మీదే వేశారు. అట్టడుగున ‘బాకీ’, కింద రెండు గీతలు.

నేను చదివింది విని ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్లావిడ లెక్క వేరే ఉందన్నాడు. గుడిసెలో ఒక రేకు మీద ఆమె రోజూ బొగ్గుతో గీతలు గీసేదట, ఇన్ని వేల ఇటుకలకి ఒక గీత అని. ఆ గీతలకీ ఈ కాగితానికీ ఎక్కడా పొంతన లేదు. రేకు మాత్రం బట్టీ దగ్గరే ఉండిపోయింది. ఆ బాకీ తీరాలంటే మళ్లీ అదే బట్టీకి పోవాలి.

2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా ఉన్న 1979 అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టంలో పాస్‌బుక్ అని రాశారు. కాంట్రాక్టరు ప్రతి కూలీకీ ఫోటో అంటించి ఇవ్వాల్సి ఉండేది. కూలి రేటెంత, ఏమేం కోశారు అన్నవి కూలీ భాషలో కూడా అందులో ఉండాలని ఆ చట్టం చెప్పింది. ఆయన చేతిలో ఉన్నది తనకి రాని భాషలో సంతకం లేని కాగితం ముక్క. దాన్ని చదవగలిగేది సరిహద్దులో ఉన్న మనలాంటి తెలుగువాళ్లం. రైల్లో వాళ్లని జరుగు జరుగు అనేదీ మనమే.

మాస్టారూ, ఆ బొగ్గు గీతలు గోడ మీదకి రావాలి. అవి బొమ్మ కాదని మీరు మాత్రం అనగలరా?

గుణుపూర్ డ్రాయింగ్ మాస్టారు:

అనలేను. గోడ అడుగున చివరిదాకా ఆ గీతలే వేయిస్తాను, వాటి మీద మనుషులు నిలబడతారు. కానీ రూపాయల అంకెలు మాత్రం వద్దంటాను. రేపు రేటు మారుతుంది, అంకె పాతబడుతుంది, చూసినవాడు ఇప్పుడు అంత తక్కువ లేదులే అని పోతాడు. పద్దుల పేర్లు రాద్దాం. ఖొరాకీ, హాస్పిటల్, వాన ఇటుక, బాకీ. ఒడియాలో, తెలుగులో.

పర్లాకిమిడి వ్యాపారి:

ఆ ‘వాన ఇటుక’ కోత అన్యాయం. ఎవరు చేసినా అన్యాయమే, మా వాడు చేస్తే వాడికీ చెప్తాను. కానీ ఒక భయం ఉంది. ఆ కాగితం ఎవరిదో తెలిసిందంటే సర్దారు నేరుగా ఆ ఇంటికి పోతాడు. 2013 డిసెంబరులో కలహండి కూలీలు ఇద్దరికి అడ్వాన్సు గొడవలో కుడిచేతులు నరికిన సంగతి మరిచిపోయారా? బొమ్మ వేసినవాళ్లకి చప్పట్లు, దెబ్బలు మాత్రం వాళ్లకి. అలా కాకూడదు.

రాయగడ జెరాక్స్:

ఆ కాగితం నేను జెరాక్స్ కూడా తీసి పెట్టుకోలేదు, ఆయనకే ఇచ్చేశాను. గోడ మీద పేరు, ఊరు, బట్టీ, జిల్లా ఏదీ రాదు. ఏ బట్టీలోనైనా ఉండే పద్దులే వస్తాయి.

ఇంకొకటి, కుర్రాళ్లు దీపావళికి వేద్దామంటున్నారు. అప్పటికి అడ్వాన్సులు తినేసి సగంమంది రైలెక్కే తొందరలో ఉంటారు. జూన్‌లో వేద్దాం. తిరిగొచ్చినవాళ్లు అప్పుడు ఊళ్లల్లో ఉంటారు, పిలిచి చూపించవచ్చు, వాళ్లు చెప్పినవి చేర్చవచ్చు. నువాఖాయికి సర్దారు దిగేసరికి గోడ సిద్ధంగా ఉంటుంది. పుట్టాసింగి బాబూ, చూడ్డానికి వచ్చేవాళ్ల బస్సు ఖర్చు నేను పెట్టుకుంటాను.

పుట్టాసింగి కుర్రాడు:

వస్తారు. మా పెద్దమ్మ కొడుకు కేరళ నుంచి జూన్‌లోనే వస్తాడు, వాడికి నోరెక్కువ, బాగోలేకపోతే మొహం మీదే చెప్తాడు.

బరంపురం అక్క:

సూరత్ వాళ్లు జూన్‌లో రారమ్మా, చైత్రం దాటితే దొరకరు. వాళ్లకి కూడా చూపించాలంటే గోడలో కొంత భాగం ఏప్రిల్ దాకా ఖాళీగా ఉంచండి. నేను మా వీధి దండువాలని తీసుకొస్తాను, కానీ ఆ భాగంలో వాళ్లని ఎలా వేయాలో వాళ్లే చెప్పాలి.