కరిగించాక 88 శాతం కణాలు బతికే ఉన్నాయి, కానీ ఎలిస్పాట్‌లో స్పాట్లు రావట్లేదు. ఈ శాంపిళ్లు పనికొస్తాయా?

గుంటూరు స్కాలర్:

అందరికీ నమస్కారం అండీ. గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను, డెంగీ తగ్గినవాళ్లలో టి కణాల స్పందన మీద. మా సీనియర్ అక్క ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ తను ఫ్రీజ్ చేసి దాచిన పీబీఎంసీ (రక్తం నుంచి వేరుచేసిన టి కణాలు, మోనోసైట్ల లాంటి తెల్లకణాలు) వయల్స్ నాకు అప్పగించింది. వయల్‌కి కోటి కణాలు, 10 శాతం డీఎంఎస్‌ఓ (ఫ్రీజ్ చేసేటప్పుడు కణాలు పగలకుండా కాపాడే ద్రవం), మిగతాది సీరం. రక్తం విజయవాడ సూర్యారావుపేటలో తీసి, కారులో గుంటూరు తెచ్చి, ఇక్కడ కణాలు వేరు చేశారు. ఇప్పుడు కరిగించి ట్రిపాన్ బ్లూ రంగుతో చూస్తే 88 శాతం బతికున్నట్టు కనిపిస్తోంది. అదే రోజు ఎలిస్పాట్ (స్పందించిన ఒక్కో కణం ప్లేట్ మీద ఒక చుక్కగా కనిపించే పరీక్ష) పెడితే డెంగీ పెప్టైడ్ల (వైరస్ ప్రోటీన్ ముక్కల) సంగతి అటుంచి, టి కణాలన్నిటినీ రెచ్చగొట్టే పీహెచ్‌ఏ వేసిన వెల్స్‌లో (ప్లేట్ గుంటల్లో) కూడా స్పాట్లు అంతంతమాత్రమే. 88 అంటే బాగానే ఉంది కదా, కిట్ మార్చి చూడు అంటున్నారు మా గైడ్ గారు. నాకైతే కణాల మీదే అనుమానం. ఒక్కో పేషెంటువి రెండో మూడో వయల్సే ఉన్నాయి, అవి అయిపోతే మళ్లీ ఆ రక్తం దొరకదు, అదే పెద్ద టెన్షన్. నాణ్యత అసలు ఎలా తేల్చాలి?

సైటోమీటర్:

కిట్ జోలికి వెళ్లే ముందు ఒక్క లెక్క చెప్పండి. కోటి పెట్టారు సరే, కడిగాక బతికున్నవి ఎన్ని చేతికొచ్చాయి? మిగిలినవాటిలో ఎన్ని బతికున్నాయో శాతం చెబుతుంది, అంతే. కరిగించేటప్పుడే పగిలిపోయి, కడిగేటప్పుడు కొట్టుకుపోయినవి అందులోకి రావు. కోటికి 30 లక్షలే మిగిలి వాటిలో 88 శాతం బతికున్నా నోట్‌బుక్‌లో 88 అనే పడుతుంది, కానీ ఆ పేషెంటు కణాల్లో ముప్పావు వంతు పోయినట్టే.

ఇంకోటి, ట్రిపాన్ బ్లూ పొర చిరిగిన కణంలోకే వెళ్తుంది. అపోప్టోసిస్ (కణం తనంతట తానే చావడం) మొదలైన కణానికి పొర కొన్ని గంటలపాటు బాగానే ఉంటుంది కాబట్టి మైక్రోస్కోపు కింద అది కూడా బతికున్నట్టే కనిపిస్తుంది. ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే యంత్రం) దొరికితే అనెక్సిన్ వి, 7-ఏఏడీ అనే రంగులు కలిపి చూడండి, ఇలా చావు మొదలైన కణాలు బయటపడతాయి. దొరక్కపోతే కణాల్ని మీడియంలో వేసి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో వదిలేసి పొద్దున మళ్లీ లెక్కపెట్టండి. సాయంత్రానికీ పొద్దుటికీ సంఖ్య బాగా పడిపోయిందంటే ఆ 88ని నమ్మడానికి లేదు. వెల్‌కి వేసే రెండు మూడు లక్షల కణాలు కూడా ఆ పొద్దుటి లెక్క ప్రకారమే వేయాలి.

బెజవాడ ల్యాబ్:

రాత్రంతా ఉంచడం మీద నాకు అభ్యంతరం ఉందండీ. మోనోసైట్లు ప్లాస్టిక్‌కి అతుక్కుపోతాయి, పెప్టైడ్‌ని టి కణానికి చూపించడానికి అవి కావాలి. పైగా వయల్సే తక్కువ ఉన్నప్పుడు చేతిలో ఉన్న కణాలు ఇంకా తగ్గించుకోవడం ఎందుకు? ముందు లెక్కపెట్టే పద్ధతి సరిచూసుకోమంటాను. రంగు కలిపాక మూడు నుంచి ఐదు నిమిషాల్లో లెక్క అయిపోవాలి, ఆలస్యమైతే బాగున్న కణాలు కూడా నీలమవుతాయి. ఆటోమేటిక్ కౌంటర్ వాడుతుంటే ఎర్ర కణాలు, ప్లేట్‌లెట్ల గుంపులు కూడా లెక్కలో కలిసిపోవచ్చు, ఒకసారి చేత్తో హీమోసైటోమీటర్‌లో (గళ్లున్న గాజు పలక) వేసి పోల్చి చూడండి.

సైటోమీటర్:

మోనోసైట్ల మాట నిజమే, అందుకే పాలీప్రొపిలీన్ ట్యూబులో, మూత కొంచెం వదులుగా పెట్టి ఉంచాలి, అతుక్కోవడం తగ్గుతుంది. కణాలు తగ్గుతాయన్న దానికి మాత్రం ఒప్పుకోను. ఎలిస్పాట్ ప్లేట్ ఎలాగూ దాదాపు ఒక రోజు ఇంక్యుబేటర్‌లోనే ఉంటుంది. ట్యూబులో చచ్చేవి వెల్‌లోనూ చచ్చేవే, తేడా ఏంటంటే వెల్‌లో చస్తే మనకి తెలియదు, స్పందన లేదని రాసేసుకుంటాం.

నైట్రోజన్ క్యాన్:

మీరంతా కరిగించాక జరిగేది మాట్లాడుతున్నారు, ఆ కణాల్ని ఫ్రీజ్ చేయక ముందు అవి ఏం పడ్డాయో అడగరేం? సూర్యారావుపేట నుంచి గుంటూరు వచ్చిందన్నారు. దూరం పెద్దది కాదు, కానీ ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అని రాస్తే దాని అర్థం 18 నుంచి 25 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్లో ఆగిన కారు డిక్కీ కాదు. అలాగని ఐస్ మీద పెట్టినా చేటే. రక్తం చల్లబడినా, 8 గంటలు దాటి నిలవ ఉన్నా గ్రాన్యులోసైట్లు (ఇంకో రకం తెల్లకణాలు) రెచ్చిపోయి వాటి సాంద్రత మారుతుంది, ఫైకోల్ (కణాల్ని సాంద్రతను బట్టి వేరుచేసే ద్రవం) వేసి తిప్పితే కిందికి దిగకుండా పీబీఎంసీ పొరలోనే ఉండిపోతాయి. అవి టి కణాల పనిని దెబ్బతీస్తాయి. పైగా చలికి తట్టుకోలేవు, పగిలి డీఎన్‌ఏ వదులుతాయి, అందుకే కరిగించాక జిగురు ముద్దలు కడతాయి.

నిల్వలో కూడా ఇంతే. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించి మైనస్ 80లో పెట్టడం వరకు అందరూ చేస్తారు, ఆ తర్వాత లిక్విడ్ నైట్రోజన్‌లోకి మార్చకుండా నెలల తరబడి అక్కడే ఉంచేస్తారు. మైనస్ 80లో కణం పూర్తిగా ఆగిపోదు, నెమ్మదిగా పాడవుతూనే ఉంటుంది. నైట్రోజన్‌లో ఉన్నా సరే, పక్క వయల్ కోసం రాక్ పైకి తీసి వెతికిన ప్రతిసారీ మిగతావన్నీ కాస్త వేడెక్కి మళ్లీ చల్లబడతాయి, అది పదేపదే జరిగితే బతికే శాతం, పనిచేసే గుణం రెండూ పడిపోతాయి. లాగ్ బుక్ ఉందా?

గుంటూరు స్కాలర్:

చాలా థాంక్స్ అండీ. రికవరీ లెక్కేస్తే కోటికి 35 లక్షలే ఉంది. ముద్దలు కూడా కట్టాయి. లాగ్ బుక్‌లో రక్తం తీసిన టైము, కణాలు ఫ్రీజ్ చేసిన టైము ఉన్నాయి, ఎలా తెచ్చారో లేదు. సాయంత్రం తీసి మర్నాడు పొద్దున వేరు చేసినవి కొన్ని ఉన్నాయి, నేను ఇప్పటిదాకా కరిగించినవి వాటిలోవే. మిగతావి తీసిన రోజే చేసినవి. ఇప్పుడు వేటితో మొదలుపెట్టమంటారు?

నైట్రోజన్ క్యాన్:

పేషెంట్లవి అసలు ముట్టుకోకండి. అవే రోజుల్లో దాచిన ఆరోగ్యవంతుల వయల్స్ ఉంటాయి కదా, ఆలస్యమైన రోజుది ఒకటి, వెంటనే చేసిన రోజుది ఒకటి తీయండి. 37 డిగ్రీల నీళ్లలో చిన్న మంచుముక్క మిగిలేదాకా కరిగించి, వెచ్చటి మీడియం చుక్కచుక్కగా కలపండి, ముద్దలు కడితే డీఎన్‌ఏస్ (డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్) వేయండి. అప్పుడే ఒకసారి, రాత్రి గడిచాక ఒకసారి లెక్క, తర్వాత పీహెచ్‌ఏ. పేషెంట్లవి తీసే ముందే ఎంత శాతం, ఎంత రికవరీ, పీహెచ్‌ఏకి ఎన్ని స్పాట్లు వస్తే తీసుకుంటారో రాసి గైడ్ గారితో సంతకం పెట్టించండి. చాలాచోట్ల బతికున్న శాతం 70 లేదా 80 పెట్టుకుంటారు. డెంగీ ఫలితం చూశాక గీత గీస్తే మనకి కావాల్సిన వైపు చెయ్యి లాగుతుంది.

పీహెచ్‌ఏకే పలకని శాంపిల్‌ని నెగెటివ్ అని మాత్రం రాయొద్దమ్మా. ఆ మనిషికి డెంగీ మీద టి కణాల స్పందన లేదని దాని అర్థం కాదు, పరీక్ష చెల్లలేదని అర్థం. పట్టికలో విడిగా చూపించండి. ఆ వయల్స్ పారేయకండి కూడా, చచ్చిన కణాల నుంచైనా డీఎన్‌ఏ వస్తుంది, హెచ్‌ఎల్‌ఏ టైపింగ్‌కి (టి కణాలకి పెప్టైడ్ చూపించే ప్రోటీన్లు ఆ మనిషిలో ఏ రకమో తేల్చే పరీక్షకి) సరిపోతుంది, మీ పనిలో అదెలాగూ కావాలి.