రోహుకి డీఓబీ (నూనె తీసిన తవుడు) డబుల్ చేసినా సైజు రావట్లేదు, నీళ్ళ మీద తేలే ఫ్లోటింగ్ మేతకి మారొచ్చా?

ముదినేపల్లి కుర్రోడు:
అన్నలందరికీ నమస్తే. మాది 5 ఎకరాల చెరువు, రోహు 9 వేలు, కట్ల ఒక వెయ్యి. 400 గ్రాముల దాకా బానే వచ్చినయ్యి, అక్కడ్నించి కదలట్లేదు, వల లాగి చూసిన ప్రతిసారీ అదే తూకం. సైజు కోసమని డీఓబీ రోజుకి రెండు బస్తాల నుంచి నాలుగు చేశాం, ఉప్పు, మినరల్ కలిపి చిల్లుల సంచుల్లో పోసి చెరువులో గుంజలకే కడుతున్నాం. ఇప్పుడు తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మేతల షాపాయనేమో 28 శాతం ప్రోటీన్ ఫ్లోటింగ్ వాడు అంటున్నాడు. గిట్టుద్దంటారా?

గట్టుమీద బాబాయ్:
మేత మార్చే ముందు లెక్క చూడు అబ్బాయ్. 10 వేల చేప, 400 గ్రాములు అంటే 4 టన్నులు. నువ్వు కట్టేది 200 కేజీలు, అంటే ఒంటి బరువులో 5 శాతం. ఆ సైజు చేపకి రెండు, రెండున్నర చాలు. మిగతాదంతా చెరువు అడుక్కి పోతుంది, అక్కడ కుళ్ళి ఆక్సిజన్ లాగేస్తుంది, అమ్మోనియా కూడా పెరుగుద్ది, నీ తెల్లారుజాము గొడవ సగం అదే. ఇంక డీఓబీలో ప్రోటీన్ 15 శాతం దగ్గర్లో ఉంటుంది, అదొక్కటే ఎంత పోసినా చేపకి కండ ఎక్కడ్నించి వస్తుంది? 100 కేజీల్లో 15 కేజీలు వేరుశనగ చెక్క కలుపు, మొత్తం మీద 19 దాకా పోద్ది. చెక్క కొనేప్పుడు విరిచి వాసన చూడు, బూజు ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు, దాని విషం ఎండబెట్టినా పోదు, చేపకి లివర్ దెబ్బతింటుంది.

ఆకివీడు ఆక్వా:
బాబాయ్ గారి లెక్క కరెక్టే గానీ ఫ్లోటింగ్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. పైన తేలుద్ది కాబట్టి ఎంత తింటున్నాయో కళ్ళతో చూడొచ్చు, మిగిల్తే రేపు తగ్గించొచ్చు, సంచిలో ఆ వీలు తక్కువ. కాకపోతే సంచికి అలవాటు పడ్డ రోహు వెంటనే పైకి రాదు, కొన్నాళ్ళు రెండూ నడపాలి, గాలి తోలితే మేతంతా ఒక గట్టుకి కొట్టుకుపోద్ది కాబట్టి వలతో చుట్టూ అడ్డం కట్టుకోవాలి. కట్లకి మాత్రం ఏ మేత వేసినా ప్లాంక్టనే (నీళ్ళలో తేలే కంటికానని సన్న జీవులు) ముఖ్యం. మోచేతి దాకా చెయ్యి ముంచి చూడండి, అరచెయ్యి తేటగా కనపడితే నీళ్ళలో తిండి లేనట్టే.

చేపలోడు:
పేను చూశారా? పొలుసుల మీద పేను పట్టినా మేత మీదకి రావు, ఊరికే గుంజలకి రాసుకుంటా తిరుగుతాయి.

ముదినేపల్లి కుర్రోడు:
పేను లేదన్నా, చూశాం. బాబాయ్, మీరు చెప్పాక మధ్యాహ్నం సంచులు పైకి తీయించాను, చాలావాటిల్లో సగం అలాగే ఉంది, పులిసిన వాసన కూడా. రేపట్నించి రెండు బస్తాలు చేసేయనా?

గట్టుమీద బాబాయ్:
రేపు అసలు కట్టొద్దు. సంచులన్నీ దులిపి, కడిగి ఎండలో పడెయ్, చిల్లులు పూడుకుపోయుంటే మార్చు. ఎల్లుండి ఎండొచ్చాక, ఎనిమిదిన్నర తొమ్మిదికి రెండు బస్తాలకి సరిపడా కట్టు, రెండు మూడు గంటలాగి మళ్ళీ పైకి తీసి చూడు, ఖాళీ అయితేనే కొంచెం కొంచెం పెంచు. ముసురు పట్టిన రోజు సగమే, చేపలు నోళ్ళు తెరిచిన రోజు మొత్తం ఆపు, ఏరేటర్ (నీళ్ళకి గాలి పట్టించే మిషన్) ఉంటే అర్ధరాత్రి దాటాక ఆన్ చేసి ఎండొచ్చేదాకా ఆపకు. నువ్వు ముందు ఈ పని చెయ్యి, ఫ్లోటింగ్ సంగతి తర్వాత వల లాగి తూకం చూశాక మాట్లాడుకుందాం, షాపాయన ఎక్కడికీ పోడు.

ఆకివీడు ఆక్వా:
కుదిరితే పొద్దున్నే ఒకసారి నీళ్ళు టెస్ట్ చేయించండి, అమ్మోనియా, ఆక్సిజన్ రెండూ. మధ్యాహ్నం తీసుకెళ్తే ఆక్సిజన్ బానే ఉందని చెప్పి పంపేస్తారు.